నల్ల పడుగు కింద తెల్లగుడ్డ

మా నాయన సినిమాకు పోయేది అంచుల కోసం. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ళలో చాలామందికి ఆ రోజుల్లో ఈ అలవాటు ఉండేది. తెర మీద కథానాయిక ఏడుస్తుంటే హాలంతా ముక్కులు చీదేది. మావాళ్ళు మాత్రం ముందుకు వంగి ఆమె కొంగు మీద బుటాలు ఎంచేవాళ్ళు. ఒక సినిమాలో ఆమె విషం తాగి పడిపోయినప్పుడు మా నాయన పక్కాయనతో, "కొంగు ఇప్పుడు బాగా పరుచుకునింది, చూసుకో" అన్నాడని మా వీధిలో చాలాకాలం చెప్పుకుని నవ్వారు. ఇంటికి రాగానే సిగరెట్ పెట్టె అట్ట మీద పెన్సిలుతో ఆ అంచు గీసిపెట్టేవాడు. నెల తిరిగేలోగా అది మగ్గం మీదికి ఎక్కేది.

చిక్కంతా రంగుల దగ్గర వచ్చేది. అప్పటి సినిమాలు నలుపు తెలుపులో ఉండేవి. ఒకే చీరను మా వీధిలో నలుగురు నాలుగు రంగుల్లో నేసి, ఎవరికి వాళ్ళు తమదే అసలు రంగని వాదించేవాళ్ళు. ఎరుపని మా నాయన, కాదు నెమలికంఠం రంగని ఎదురింటాయన. దీని మీద ఇద్దరూ ఒకసారి వారం రోజులు మాట్లాడుకోలేదు. కొనేవాళ్ళకు మాత్రం నాలుగూ నచ్చేవి.

రంగుల సంగతి వచ్చింది కాబట్టి నా రంగు కూడా చెప్పేస్తాను. నేను నలుపు. బంధువుల ముందు మా అమ్మ చామనచాయ అనేది గానీ, ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గించేది. అమ్మ పచ్చగా ఉండేది. నాది నాయన పోలిక. అదొక లోటని నాకు తెలియజెప్పే బాధ్యతను ఊళ్ళో అందరూ తలా కాస్త పంచుకున్నారు. మా ఇంటికి చీరలు కొనడానికి నల్లటి ఆడవాళ్ళు వస్తే అమ్మ వాళ్ళ ముందు లేత రంగులే పరిచేది. ఎవరైనా ముదురు ఎరుపు చూపించమంటే, "అది మీకు నప్పదమ్మా" అని మర్యాదగా మడిచి లోపల పెట్టేసేది. మా వీధిలో ఏ ఇంటికి పోయినా ఇదే పద్ధతి. ఇక నా సంగతి చెప్పేదేముంది. పట్టు నేసే ఇంట్లో పుట్టి పద్దెనిమిదేళ్ళు గంధం రంగులోనూ బూడిద రంగులోనూ తిరిగాను.

అయితే నాకు గొంతు ఉండేది. కండెలకు పోగు చుట్టేటప్పుడు ఆడవాళ్ళం పాటలు పాడుకునేవాళ్ళం. నేను ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు అందుకునేవాళ్ళు. నేను పాడుతుంటే మగ్గాల గుంటల్లో కూర్చున్న మగవాళ్ళు నేసే నాడె ఆపి వింటారని అనేవాళ్ళు. నిజమో కాదో గానీ, నేను మాత్రం నమ్మాను.

నాకు పద్దెనిమిది నిండిన ఏడు మా నేతగాళ్ళ సంఘానికి ఒక కబురు వచ్చింది. చేనేత మీద ప్రభుత్వం వాళ్ళు చిన్న సినిమా తీస్తారట. అందులో నేసే ఇళ్ళ ఆడవాళ్ళ పాటకచేరీ ఒకటి ఉంటుందట. మా ఇండ్లు ఇరుకు, కెమెరా పట్టదని, పెనుకొండ కోటలో పాత మహలు ముందర తీస్తామన్నారు. పాడేవాళ్ళను మమ్మల్నే చూసుకోమన్నారు. ఎనిమిది మందిమి కుదిరాం. పాట ఎత్తుకునేది నేనేనని ఎవరూ చెప్పకుండానే తేలిపోయింది. ముందర ఎవరు కూర్చోవాలన్నది మాత్రం మా అమ్మ తేల్చింది.

"ముందర చిన్నాయన కూతురు కూర్చుంటాది. నువ్వు దాని వెనకాల కూర్చోని పాడు. అది నోరాడిస్తాది" అంది.

చిన్నాయన కూతురు నాకంటే రెండేళ్ళు చిన్నది. పాలమీగడ రంగు, పెద్ద కళ్ళు, మంచి పిల్ల. పాట మాత్రం దాని ఒంట్లో లేదు.

"పాట నాదైతే మొగం దానిదా?" అన్నాను.

"సినిమాల్లో అట్లే గదా చేసేది. పాడేది ఒకరు, ఆడేది ఒకరు. నీ గొంతు ఊరూరా వింటారు, చాల్లే."

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు, సినిమాల్లో అట్లే చేసేవాళ్ళు. అందుకే నాకు ఇంకా మండింది. ఆ పూట అన్నం తిననన్నాను. సాయంత్రానికి ఆకలి తట్టుకోలేక తిన్నాను. నేను కూర్చోనని గట్టిగా ఒక్క మాట అనే ధైర్యం మాత్రం రాలేదు.

సాధన మొదలైంది. అది పాట కంటే ఎక్కువ తమాషాగా ఉండేది. నేను పల్లవి ముగించి ఊపిరి తీసుకుంటుంటే మా చెల్లెలి నోరు ఇంకా ఆడుతూ ఉండేది. నేను చరణం ఎత్తుకుంటే అది ఆవలించేది. నాలుగో రోజు చెంపలు పట్టుకుని, "అక్కా, నువ్వే ముందర కూర్చోరాదా? నాకు దవడలు నొస్తాండాయి" అంది. అమ్మ దానికి బెల్లం ముక్క పెట్టి మళ్ళీ మొదలుపెట్టించింది.

ఆ మధ్యలోనే ఒక ఆదివారం నాయన హిందూపురానికి పట్టు కొనడానికి పోతూ నన్ను వెంటబెట్టుకున్నాడు. పట్టు పోగుల చాయలు ఎంచడంలో ఆయనకు నా కన్ను మీద నమ్మకం. తెల్లవారి రైలెక్కి, పెనుకొండ దాటి, హిందూపురంలో దిగేసరికి పట్టు వ్యాపారి ఇంట్లో ఏదో పూజ, మధ్యాహ్నం రమ్మన్నారు. ఖాళీగా ఉంటే నాయన కాళ్ళు వాటంతట అవే సినిమాహాలు వైపు పోతాయి. ఆదివారం పొద్దుటి ఆటకు అక్కడ ఇంగ్లీషు సినిమాలు వేసేవాళ్ళు. బెంగళూరులో ఆడి ఆడి అరిగిపోయిన రీళ్ళు అవి. గోడ మీద అంటించిన పెద్ద బొమ్మలో ముగ్గురు ఆడవాళ్ళు తళతళలాడే గౌన్లు వేసుకుని నిలబడి ఉన్నారు. నాయన ఆ గౌన్ల దగ్గరికి పోయి ముక్కు ఆనించినంత పని చేశాడు.

"ఈ మెరుపేందో చూడల్ల" అన్నాడు.

టికెట్లు ఇచ్చే ఆయన మా ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "ఇంగ్లీషు సినిమాప్పా. నీకేం అర్థమైతాది?"

"అంచుకు భాష యాడిది, ఇయ్యప్పా" అన్నాడు నాయన.

ఆ హాల్లో ఆడవాళ్ళకు ఒకవైపు బెంచీలు, మగవాళ్ళకు ఒకవైపు, మధ్యలో నడుమెత్తు గోడ. ఆడవాళ్ళ బెంచీల మీద ఆ రోజు నేనొక్కదాన్నే. నాయన గోడకు ఆనుకుని అవతల కూర్చున్నాడు. దీపాలు ఆరిపోయాయి. ఎవరో నుదుటి మీదికి జుట్టు దింపుకున్న నలుగురు తెల్లకుర్రాళ్ళు వచ్చి గిటార్లు వాయించి పాడారు, పోయారు. ఇంకో ఐదుగురు వచ్చారు, పాడారు, పోయారు. తీగ వాయిద్యాలకు కరెంటు తగిలించినట్టుంది, బెంచీ కింద నా కాళ్ళు అదిరాయి. అది ఒక ఊళ్ళో నిజంగా జరిగిన కచేరీని అట్లే పట్టి తీసిన సినిమా అని నాకు కాసేపటికి అర్థమైంది. నాయనకు కాలేదు.

"కథ ఎప్పుడు మొదలైతాదే?" అని గోడ మీదుగా అడిగాడు.

"కథ లేదు నాయనా. కచేరీ ఇది."

"కచేరీకి ఈ పిల్లలంతా ఏమిటికి ఏడుస్తాండారు?"

నిజమే, పాట వచ్చినప్పుడల్లా కింద కూర్చున్న తెల్లపిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకుని జుట్టు పీక్కుంటూ అరుస్తున్నారు. నాకూ కారణం తెలియలేదు. మా వెనక నుంచి ఒకాయన, "కథలేని సినిమాకు దుడ్లు ఏమిటికప్పా, వాపసు ఇయ్యి" అని లేచి వెళ్ళిపోయాడు.

అప్పుడు వచ్చారు ఆ ముగ్గురు. నేను గోడమీది బొమ్మలో వాళ్ళ గౌన్లే చూశాను, మొహాలు చూడలేదు. ముగ్గురూ నలుపు. నాకంటే ఒక చాయ ఎక్కువే. అందరి ముందు వాళ్ళు నిలబడ్డారు. గిటార్లూ డ్రమ్ములూ వాయించే తెల్లమగవాళ్ళు వాళ్ళ వెనక ఉన్నారు. ఎవరి గొంతు వాళ్ళదే, ఎవరి నోరు వాళ్ళదే. మధ్యలో నిలబడ్డ ఆమె పాడుతూ పాడుతూ నవ్వింది, అంతమంది చూస్తుండగా, ఇది నా కచేరీ అన్నట్టు.

నేను మామూలుగా ఏడ్చే రకం కాదు, తిట్టే రకం. అక్కడ ఎవర్ని తిట్టాలో తెలియక ఏడ్చాను.

కాసేపటికి నాలో నేతపిల్ల మేలుకుంది. పోగులెంచే కన్ను ఊరికే ఉండదు. తెల్లకుర్రాళ్ళు పాడినప్పుడు కెమెరా వాళ్ళ ముక్కుపుటాల దాకా పోయింది. ఈ ముగ్గురి దగ్గరికి వచ్చేసరికి దూరంగానే నిలబడిపోయింది. పాట మధ్యలో కూడా వాళ్ళను వదిలేసి కింద అరిచే పిల్లల్ని చూపిస్తోంది. ఆ పిల్లల్లో ఒక్క నల్లమొహం కోసం వెతికాను. కనపడలేదు. వాళ్ళ ఊళ్ళో కూడా ఎవరో ఒక అమ్మ కూర్చుని, ఎవరు ముందర, ఎవరు వెనక అని ఏర్పాట్లు చేసినట్టుందని అనుకున్నాను. పాట చివర్లో మాత్రం ఒక్కసారి, ఏం తోచిందో, కెమెరా ఆ మధ్యలో నిలబడ్డ ఆమె మొహం దగ్గరికి పోయింది. చెమటతో ఆ చెంపలు మెరిసిపోతున్నాయి. ఆ కొద్ది క్షణాలు చాలు నాకు. తర్వాత ఇంకెవరెవరో పాడారు, నేను చూడలేదు.

నాయన చూసింది వేరు. తిరుగు రైలులో పట్టు మూట ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత అన్నాడు: "అది జరీ కాదే. రేకు ముక్కలు కుట్టినారు."

"అట్లనా."

"అదే రేకులు ఆ తెల్లపిల్లోళ్ళ కోట్లకు గూడా ఉండాయి, చూస్తివా? వాళ్ళ మీద మెరుపు తేలిపోయింది. ఈ అమ్మోళ్ళ మీద నిలబడింది." మూట ముడి ఒకసారి బిగించాడు. "మనం తప్పు చెప్తాండామే. ఇన్నేండ్లుగా మన ఇంటికొచ్చినోళ్ళకంతా తప్పే చెప్తాండాము."

ఆయన పనివాడు. న్యాయం, అన్యాయం అని ఉపన్యాసం చెప్పలేదు. ఒక లెక్క ఇన్నాళ్ళు తప్పుగా వేశానని తెలుసుకున్న మనిషి మొహం పెట్టాడు. నాకు అంతకంటే ఏం కావాలి. పెనుకొండ స్టేషన్లో రైలు ఆగినప్పుడు, "నాయనా, నేను ముందర కూర్చోని పాడతా" అన్నాను. ఆయన, "పాడు" అన్నాడు.

ఇంటికి పోయి చెప్పగానే అమ్మ చేతిలో ఉన్న చెంబు కింద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది, నేనూ పది మాటలు అనేదాన్ని. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నవ్వుతారే. నేను చూడలేను" అంది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక పెళ్ళిలో అందరం ఫోటోకు నిలబడ్డామట. ఫోటో తీసే ఆయన నన్ను చూపించి, ఈ పాపను వెనక్కి పంపండి, ఫోటోలో మసిమరక లాగా పడుతుంది అన్నాడట. నిలబడినవాళ్ళంతా నవ్వారట. అమ్మ కూడా వాళ్ళతోపాటు నవ్వేసి నన్ను వెనక్కి పంపిందట. అది నాకు గుర్తే లేదు. ఆమె పదిహేనేళ్ళు మోసింది. నన్ను దాచిపెట్టడమే కాపాడడం అనుకుంది పిచ్చిది. నాకు జాలేసింది, అయినా వెనక కూర్చోనని మాత్రం చెప్పేశాను.

నాయన ఆ నెలంతా పండుమిరప రంగు చీర ఒకటి నేశాడు, జానెడు జరీ అంచుతో. ఎవరికని ఎదురింటాయన అడిగితే, "మా పాపకు" అన్నాడు. అమ్మ దానికి కండెలు చుట్టి ఇచ్చింది గానీ మగ్గం వైపు చూడలేదు. చిన్నాయన కూతురు మాత్రం విషయం తెలిసి మా ఇంటికి పరిగెత్తుకొచ్చి, దవడలు బతికాయని పండగ చేసుకుంది.

పెనుకొండకు మేము ఎనిమిది మందిమి, మాకు తోడుగా అమ్మ, నాయన, సంఘం మగవాళ్ళు కొందరు రైల్లో పోయాం. మహలు ముందర జంపఖానా పరిచారు. నేను ఎర్రచీరలో ముందు వరసలో కూర్చున్నాను. మా చెల్లెలు నా పక్కన కూర్చుంది. కెమెరా ఆయన మద్రాసు నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడే. కెమెరాలోంచి చూశాడు, తల తీశాడు, మళ్ళీ చూశాడు.

"ముఖం రావడం లేదండీ. చీర వస్తుంది, జరీ వస్తుంది, ముఖం మాత్రం చీకటైపోతుంది. తెల్లమ్మాయిని ఇటు జరిపి, ఈ అమ్మాయిని వెనక్కి పంపండి" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అందరూ నేల చూశారు. అమ్మ సంచిలోంచి పౌడరు డబ్బా తీసి గబగబా వచ్చి నా మొహం నిండా అద్దింది. కెమెరా ఆయన చూసి, ఇప్పుడు బూడిద పూసినట్టుంది అన్నాడు. నేను కొంగుతో మొత్తం తుడిచేశాను. కొత్త చీర, మొదటిసారి కట్టిన చీర, దాని కొంగంతా తెల్లగా అయింది. లేచి వెనక్కి పోదామని ఒక మోకాలు ఎత్తాను కూడా. అంతవరకే నా ధైర్యం.

అప్పుడు నాయన కెమెరా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఒక మాట. పడుగంటే మగ్గం మీద నిలువు పోగులు. నల్ల పడుగు మీద పోగు తెగితే కంటికి ఆనదు. దానికి మేమేం చేస్తామో తెలుసునా? నల్లది తీసేసి తెల్లది ఎక్కించం. దాని కింద తెల్లగుడ్డ పరుస్తాం. వెలుతురు కింద నుంచి లేస్తాది, పోగు పోగూ కనపడతాది."

కెమెరా ఆయన అర్థం కానట్టు చూశాడు. నాయన తన భుజం మీది పంచె తీసి నా ముందర, ఎండ పడేచోట పరిచాడు. చాలలేదు. సంఘం మగవాళ్ళు ఒక్కొక్కరే తమ పైపంచెలు తీసి ఇచ్చారు. కొన్ని నేల మీద పరిచి, రెండు ముడివేసి కాస్త ఏటవాలుగా ఎత్తి పట్టుకున్నారు. పైపంచెలు తీసేసిన మగవాళ్ళంతా బొజ్జలతో మహలు ముందర నిలబడ్డారు. మా చెల్లెలు కిసుక్కుమంది. పంచె ఒక కొస జారుతుంటే, మగవాళ్ళు అంతమంది ఉన్నా నాయన, "నువ్వు పట్టుకో" అని అమ్మను పిలిచాడు. ఆమె వచ్చి పట్టుకుంది.

కెమెరా ఆయన మళ్ళీ లోపలికి చూశాడు. ఈసారి చాలాసేపు తల తీయలేదు.

"వచ్చింది. కళ్ళు కూడా వచ్చాయి" అన్నాడు. తర్వాత నాయన వైపు తిరిగి, "మీరు కెమెరా పని ఎక్కడైనా చేశారా?" అని అడిగాడు.

"లేదప్పా. మగ్గం పనే" అన్నాడు నాయన.

నేను పాడాను. ఎట్లా పాడానో నాకు తెలియదు. మొదటి చరణంలో గొంతు కాస్త వణికింది, తర్వాత సర్దుకుంది. మా చెల్లెలు సొంత నోటితో అపశ్రుతిగా, ఎంతో సంతోషంగా పాడింది. అమ్మ నాకు ఎదురుగానే పంచె కొస పట్టుకుని నిలబడి ఉంది గానీ పాట అయిపోయేదాకా తల ఎత్తలేదు. ఎత్తి చూస్తే ఎవరైనా నవ్వుతూ కనపడతారేమోనని భయం.

ఆ చిన్న సినిమా ఎప్పుడు, ఏ ఊళ్ళో వేస్తారో మాకెవరూ చెప్పలేదు. ఎన్నో నెలల తర్వాత హిందూపురం పట్టు వ్యాపారి నుంచి కార్డు వచ్చింది, మీ పాప ఈ వారం మా ఊళ్ళో ఆడుతోంది, రండి అని. అసలు సినిమాకు ముందు వేసే ప్రభుత్వం సినిమాలను ఎవరూ చూసేవాళ్ళు కాదు. జనం శెనక్కాయలు కొనుక్కుంటూ చోటు వెతుక్కుంటూ ఉంటారు. మేము ముగ్గురం మాత్రం అందరికంటే ముందు పోయి కూర్చున్నాం. ఈసారి ఆడవాళ్ళ బెంచీలు నిండి ఉన్నాయి. అమ్మ నా పక్కన కూర్చుంది.

మగ్గాలు వచ్చాయి, రాట్నాలు వచ్చాయి, ఎవరో గంభీరంగా ఏదో చెప్పారు. తర్వాత పెనుకొండ మహలు వచ్చింది, మేము ఎనిమిది మందిమి దూరంగా కనిపించాం. అంతలో గోడంత నా మొహం తెర మీదికి వచ్చింది. నల్లగానే ఉంది. కళ్ళూ, ముక్కుపుడకా, చెంప మీద వెలుతురూ, పాడుతున్న నోరూ అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. రెండు పంక్తుల పాట, అంతే. శెనక్కాయలు ఒలుస్తున్న చేతులు ఆగాయి. ముందు బెంచీలో ఒకామె, "ఎవురో ఈ పిల్ల, ఎంత కళగా ఉండాది" అని పక్కామెతో అంది. నాకు ఒళ్ళంతా సంతోషం పాకింది, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, గాజులు నొక్కుకున్నాయి. రీలు మార్చడానికి దీపాలు వేశారు. ఆమె మొహం తడిసిపోయి ఉంది.

"నిన్ను ఇన్నేండ్లు పెంచినా. ఒక్కనాడన్నా నీ మొగం నిలబడి చూసింది లేదే. నిన్ను చూసి ఎవురు ఏమనుకుంటారో అని వాళ్ళ మొగాలే చూస్తా వచ్చినా" అంది.

ఇన్నేళ్ళ కోపం దాచిపెట్టుకుని ఉన్నాను, అది కాస్తా ఎటో పోయింది. దీపాలు ఆరిపోయి అసలు సినిమా మొదలైంది. గోడ అవతల నాయన అప్పుడే ముందుకు వంగాడు. అమ్మ మాత్రం నావైపే తిరిగి కూర్చుని ఉంది.

"సినిమా చూడమ్మా, దుడ్లిచ్చి వచ్చినాం" అన్నాను.

"చూస్తాండాలే" అంది, చూపు తిప్పకుండా.